పెద్దాయమ్మ ఎత్తుకున్న పిల్లలు

మా వైపు ఎవరైనా ఒక ఆడమనిషి గురించి చెప్పాలంటే ‘ఆయమ్మ’ అంటారు. పసిపిల్లల్ని చూసుకునే పనిలో ఉన్నవాళ్లనూ ఆయమ్మ అనే అంటారు. ఈ రెండింటి మధ్య పడి ఆమె పేరు ఎక్కడో పోయింది. కర్నూలు ఊరి చివర ఒక ట్రస్టువాళ్లు నడిపే పసిపిల్లల ఇంట్లో నేను ఆరేళ్లు నర్సుగా పనిచేశాను. అమ్మానాన్నలు లేనివాళ్లు, ఉండీ వదిలేసినవాళ్లు, ఎవరైనా పెంచుకోవడానికి తీసుకుపోయేదాకా అక్కడ ఉంటారు. ఆయాలు నలుగురు. అందరిలోకీ వయసులో పెద్దది కాబట్టి ఆమె పెద్దాయమ్మ. హాజరు పట్టీలో పేరు రాసేది నేనే అయినా, నోటితో ఆ పేరు పలికిన గుర్తు నాకు లేదు.

మొన్న మైదుకూరులో, నేనిప్పుడు పనిచేస్తున్న క్లినిక్‌లో టీకాల రోజు. వరండా నిండా తల్లులు, పిల్లలు. ఫోను మోగింది. ఆ ఇంట్లో వంట చేసే ఆమె.

“పెద్దాయమ్మ పోయింది సిస్టరమ్మా. నిన్న పొద్దున, వాళ్లూర్లోనే.”

“ఏమైంది?”

“చక్కెర జబ్బు ఉండె గదా. కాలికి పుండు లేసి మానల్యా. ఆదివారం ఆదరణ కూడిక అంట, పాస్టరొచ్చి ప్రార్థన చేస్తాడు. నీకు చెప్తే బాగుంటాదని చేసినా.”

ఫోను పెట్టేసి మళ్లీ సిరంజి తీసుకున్నాను. సూది దిగగానే పిల్ల కెవ్వుమంటుంది, తల్లి భుజానికెత్తుకోగానే రెండు ఎక్కిళ్లు పెట్టి ఆపేస్తుంది. ఇన్నేళ్లుగా వింటున్న చప్పుడే. ఆ రోజు మాత్రం ప్రతి పిల్ల దగ్గరా ఒక్క క్షణం ఆగి, ఏడుస్తుందా లేదా అని చూస్తూ ఉండిపోయాను. పక్కనున్న అమ్మాయి “ఏంటి మేడమ్, ఒంట్లో బాగాలేదా” అని అడిగింది. అలసటగా ఉందని చెప్పాను. అదీ నిజమే.

పెద్దాయమ్మ పనికి రెండే చీరలు కట్టేది. ఒకటి ముదురాకుపచ్చ, ఇంకొకటి గంధం రంగు. క్రిస్మస్‌కు ట్రస్టువాళ్లు కొత్త చీరలు పెడితే తీసుకుపోయి కోడళ్లకిచ్చేది. పౌడరు రాసుకోదు. వాసన సబ్బు వాడదు. తలకు ఉత్త కొబ్బరినూనె. మిగతా ఆయాలు వెక్కిరిస్తే పట్టించుకునేది కాదు. ఒకసారి నేనే అడిగాను, ఎందుకింత పట్టింపని.

“పసిబిడ్డికి కండ్లకంటే ముందు ముక్కు పనిచేస్తాది సిస్టరమ్మా. దినానికొగ వాసనైతే నన్ను ఎట్ల కనుక్కుంటారు?”

పిల్ల ఎవరైనా ఏడిస్తే ఆమె కాళ్లకంటే ముందు గొంతు బయల్దేరేది. వంటింట్లో ఉన్నా, దొడ్లో బట్టలారేస్తున్నా, “ఈడే ఉండా, వస్తాండా, ఈడే ఉండా” అంటూ నడిచి వచ్చేది. ఆమె మోకాళ్లు మంచివి కావు. తొందరగా రాలేదు. అందుకే మాటను ముందు పంపేది అనుకుంటాను.

నీళ్లు పోసేటప్పుడు పెద్ద మనిషికి చెప్పినట్టు చెప్పేది. “ఇప్పుడు కాళ్ల మీద పోస్తా. ఇంగ కడుపు మీద. చెవులు మూస్తాండా, భయపడగాకు.” మూడు నెలల పిల్లకు ఇదంతా ఎందుకని మొదట్లో నవ్వుకునేదాన్ని. పిల్లలకు మేం పెట్టిన పేర్లు ఆమె నోట నిలిచేవి కావు. వాళ్లు ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరు తగిలించి పిలిచేది. మైదుకూరు నుంచి వచ్చిన పిల్ల మైదుకూరమ్మ. ఎర్రగుంట్ల దగ్గర దొరికినవాడు ఎర్రగుంట్లప్ప. “ఏమీ లేకపోయినా ఒగ ఊరన్నా ఉండనీ” అనేది.

ఆ ఇల్లు ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి. పొడవాటి హాలు, రెండు వరసల్లో పద్దెనిమిది ఇనుప ఊయల తొట్లు. పూటకు ఇద్దరు ఆయాలు. పాలవేళకు అందరినీ ఎత్తుకోవడం ఇద్దరివల్ల కాదు కాబట్టి, పాత గుడ్డలు చుట్టలుగా చుట్టి పిల్లల పక్కన పెట్టి, వాటికి పాలసీసా ఆనించేవాళ్లం. పిల్ల తలతిప్పి తాగాలి. తాగుతూ కప్పు వైపో గోడ వైపో చూస్తుంటుంది. పుట్టినరోజులకు పళ్లు, బట్టలు తెచ్చేవాళ్లు హాలు గుమ్మంలో నిలబడి “ఎంత ప్రశాంతంగా ఉందండీ” అనేవాళ్లు. నాకు గర్వంగా ఉండేది. నేను చదువుకున్న పని శుభ్రం. తొట్లు శుభ్రం, సీసాలు శుభ్రం, పిల్లలు శుభ్రం. ఏడుపు లేకపోవడం కూడా ఆ శుభ్రంలో భాగమే అనుకున్నాను.

ఇంకో నియమం ఉండేది. ప్రతి సోమవారం ఆయాల వరసలు మారాలి. ఎవరూ ఒకే పిల్ల దగ్గర వారానికి మించి ఉండకూడదు. పెట్టింది మా సూపరింటెండెంటు. చెడ్డవాడు కాదు. నేను చేరకముందు ఒక పిల్లవాడు ఒక ఆయాకు బాగా అలవాటై, పెంచుకునేవాళ్ల ఇంట్లో మూడు రోజులు అన్నం ముట్టక ఏడిస్తే, వాళ్లు భయపడి తిరిగి తెచ్చి అప్పగించి పోయారట. ఆయన ఆ దెబ్బ మరచిపోలేదు. “ఎవరికీ ఎవరూ అలవాటు కాకుండా చూడమ్మా. అదే ఆ పిల్లలకు మనం చేసే మేలు” అనేవారు. చార్టు రాసేది నేను. స్కేలు పెట్టి గీతలు గీసి, నాలుగు రంగుల పెన్నులతో రాసేదాన్ని.

డోన్ వైపు నుంచి వచ్చిన పాపకు అప్పుడు ఏడు నెలలు. నలభై రోజుల పిల్లగా మా దగ్గరికి వచ్చింది. పెద్దాయమ్మ లెక్కలో డోనమ్మ. ఏ గొడవా లేని పిల్ల. పాలు పెడితే తాగుతుంది, పెట్టకపోతే ఊరుకుంటుంది. తల వెనుక భాగం పలకలా చదునైపోయింది. కళ్లెప్పుడూ తిరిగే ఫ్యాను మీద. ఎవరు వంగినా మొహంలోకి చూడదు. ఒక్కోసారి తల అటూ ఇటూ అదేపనిగా ఆడించుకుంటూ ఉంటుంది. బరువు పెరగడం ఆగిపోయింది. డాక్టరుకు చూపిస్తే రోగమేమీ లేదన్నాడు. టానిక్కు రాసిచ్చాడు.

ఒకరోజు ఆ పాపకు సూది వేశాను. కన్ను కూడా ఆర్పలేదు. “బంగారుతల్లి, ఏడవనే లేదు చూడు” అన్నాను. పెద్దాయమ్మ పక్కనే గుడ్డలు మడుస్తోంది. తలెత్తకుండా అంది.

“బంగారం కాదు సిస్టరమ్మా. ఏడిస్తే ఎవరన్నా వస్తారని ఆ బిడ్డికి తెలీదు. ఏమిటికి ఏడుస్తాది?”

మరుసటి సోమవారం ఆమె వరస మారాలి. మారలేదు. డోనమ్మను పాత చీర ముక్కతో ఒంటికి కట్టుకుని, పిల్లను మోస్తూనే పాత వరసలోనే పని చేయడం మొదలుపెట్టింది. సీసాలు కడుగుతున్నా పాప రొమ్ముకు ఆనుకునే ఉంది. మిగతా పిల్లలకు పాలు పడుతున్నా ఉంది. ఆ చీర కట్టు వదులు చేసేది పాలు పట్టడానికి, నీళ్లు పోయడానికే. గుడ్డ చుట్టలన్నీ ఏరి మూటగట్టి అటక మీద పడేసింది. దాంతో పాలవేళ ఒక గంట పట్టేది గంటన్నర పట్టసాగింది. రెండో ఆయా నా దగ్గరికొచ్చి మొత్తుకుంది. నేను సూపరింటెండెంటుకు చెప్పాను. చెప్పింది నేనే.

ఆయన మెమో రాసిచ్చారు. పెద్దాయమ్మకు చదువు రాదు కాబట్టి నేనే చదివి వినిపించాలి. నిలబడి వింది. రొమ్ముకు ఆనుకుని డోనమ్మ. ‘విధుల పట్ల నిర్లక్ష్యం’ అనే చోట నా గొంతు కొంచెం తగ్గింది. చివరిదాకా విని వేలిముద్ర వేసింది.

“సరే సిస్టరమ్మా. ఆయప్ప రాసింది రాసినాడు. బిడ్డికి పాలేళాయె, నేను పోతా.”

కోపం లేదు. వేడుకోలు లేదు. నాకు ఆ తీరే ఎక్కువ మంటగా అనిపించింది. మధ్యాహ్నం వరండాలో ఆరిన గుడ్డలు కుప్పపోసుకుని కూర్చుంటే పోయి ఎదురుగా కూర్చున్నాను. ఉద్యోగం పోతుందని భయం లేదా అని అడిగాను.

“ఎందుకుండదు, ఉండాది. పోతే ఊరికి పోతా.”

“మరి ఈ ఒక్క పిల్ల కోసం ఎందుకింత మొండితనం?”

ఆమె గుడ్డ నాలుగు మడతలు పెట్టి మోకాలి మీద సాపు చేస్తూ ఉంది. తర్వాత చెప్పింది. వరసగా కాదు. మధ్యమధ్య పాపతో మాట్లాడుతూ, లేచి పోయి ఇంకెవరినో సముదాయించి వస్తూ చెప్పింది. నేను ఇక్కడ కలిపి రాస్తున్నాను.

ఆమెది కర్నూలుకు పడమర దిక్కున ఒక చిన్న పల్లె. వానలు లేని ఏడు ఊరు ఊరంతా సుగ్గికి పోతుంది. గుంటూరు వైపు మిరపకాయల కోతకు. పెద్ద కొడుకు పుట్టిన మూడో నెలలో ఈమె కూడా పోవాల్సి వచ్చింది.

“చంటోన్ని ఎత్తుకపోదామనుకుంటి. మా అత్త వద్దనె. చేతులనిండా మిరపకారం, ఆ చేతుల్తో బిడ్డను ఎట్ల పట్టుకుంటావు, కండ్లల్లో పడితే ఏంగతి అనె. నిజమే గదా. ఇడిసిపెట్టి పోతి. ఆడ పాలొచ్చి రైక తడుస్తాండె. చేన్లో కూకోని పిండేస్తాంటి. పిండేటప్పుడు కూడా కారం మంట.”

నాలుగు నెలలకు తిరిగొచ్చింది. పిల్లవాడు ఆమెను చూసి భయపడి నాయనమ్మ చీరలో దూరాడు.

“నాకు బాధ అనిపించలేదంటే అబద్ధం. కానీ మా అత్త ఎత్తుకుంటే నవ్వుతాండె. పోనీలే, వానికొక మనిషుండాది అనుకుంటి. మళ్ల ఏడు మళ్ల పోతి. ఆ తర్వాత ఏడూ పోతి. వానికి నాలుగేండ్లప్పుడు మా అత్త సచ్చిపోయె.”

“అప్పుడు?”

“ఏడవల్యా సిస్టరమ్మా. అంతమంది ఏడుస్తాంటే వాడు గోడకానుకోని నిలబడినాడు. నేను దగ్గరికి తీసుకుంటే కట్టె పట్టుకున్నెట్ల ఉండె. ఆ దినం నుంచి వాడు ఎవరినీ ఏమీ అడగల్యా. ఆకలైతాందని గూడ అడగడు. పెడితే తింటాడు. మంచి పిలగాడు, ఏ గొడవా లేదు అని ఊరంతా అనె. తర్వాత ఇద్దరు పుట్టినారు, వాళ్లను కొంగున కట్టుకోనే సుగ్గికి పోతి. వాళ్లు నాతో కొట్లాడతారు, తిడతారు. వీడు తిట్టడు.”

డోనమ్మ జారిపోకుండా చీర బిగించుకుంది.

“ఈ బిడ్డ మొగం చూస్తే నాకు వాని మొగమే కనపడ్తాది. నేను సదువుకున్నదాన్ని కాదు. కానీ ఇది తెలుసు నాకు.”

ఆ మెమో కాగితాన్ని నేను ఫైల్లో పెట్టాను. సోమవారం చార్టు రాయడానికి కూర్చుని, ఆమె పేరు దగ్గర ఆగి, పోయిన వారం వరసే మళ్లీ రాశాను. చాలా చిన్న పని అది. అయినా ఆ రోజంతా దొంగతనం చేసినదానిలా ఉన్నాను.

రోజులు గడిచాయి. ఏమంత మార్పు లేదు. పాప ఆమె ఒంటి మీద ఒక మూటలా ఉండేది, అంతే. ఐదు వారాలు దాటాక అనుకుంటా, ఒక మధ్యాహ్నం పెద్దాయమ్మ పాపను తొట్లో పడుకోబెట్టి, వెనక వైపు సంగటి తినడానికి కూర్చుంది. హాల్లోంచి ఒక అరుపు. మామూలు ఏడుపు కాదు, గొంతు చీరుకుపోయేలా. ఏదో కుట్టిందేమో, ఎక్కడో ఇరుక్కుందేమో అని నేను పరుగెత్తాను. డోనమ్మ తొట్లో బోర్లా తిరిగి, తల పైకెత్తి, గుమ్మం వైపు చూస్తూ ఏడుస్తోంది. మొహం ఎర్రగా కందిపోయింది. ఎత్తుకోబోతే నా చేతులు తోసేసింది.

వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో పెద్దాయమ్మ. కుడిచేతికి సంగటి అంటుకునే ఉంది.

“త్వరగా రా, చూడు” అన్నాను.

“ఒక్క నిమిషం సిస్టరమ్మా. ఏడ్చనీ. నన్నే పిలుస్తాంది.”

నిజానికి నిమిషం కూడా ఆగలేదు. ఆ మాట అంటూనే చెయ్యి చీరకు తుడుచుకుని వచ్చేసింది. పాప రెండు చేతులూ చాచింది. అలా చేతులు చాచడం అదే మొదలు. పెద్దాయమ్మ ఎత్తుకుని “ఈడే ఉండా, యాడికీ పోలేదు, అన్నం తింటాంటి” అని సంజాయిషీ చెప్పుకుంటూ హాలంతా తిరిగింది. సంగటి ఎండిపోయింది. సాయంత్రం దాకా మళ్లీ తినలేదు.

ఆ తర్వాత రెండు నెలల్లో డోనమ్మ బరువు పెరిగింది. కోపం నేర్చుకుంది, నవ్వు నేర్చుకుంది. పెద్దాయమ్మ చెవి కమ్మ పట్టి లాగడం, పక్క తొట్లో పిల్ల బొమ్మ గుంజుకోవడం నేర్చుకుంది. హాల్లో ప్రశాంతత పోయింది. మిగతా ఆయాలు కూడా మెల్లగా ఒక్కొక్కరు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని తమవిగా చేసుకున్నారు. ఎవరూ చెప్పలేదు. నేను వారం వారం చార్టు రాయడం మానేశాను. సూపరింటెండెంటు అడగలేదు. పళ్లు తెచ్చేవాళ్లు మాత్రం “ఈమధ్య పిల్లలు బాగా ఏడుస్తున్నారేమిటండీ” అన్నారు.

నాకు అప్పుడే ఇంకో భారం మొదలైంది. అంతకుముందు నా చేతుల మీదుగా వెళ్లిపోయిన పిల్లలున్నారు. గుడ్డ చుట్టలకు ఆనించిన సీసాలు తాగి, ఫ్యాను చూస్తూ పెరిగి, ఏ గొడవా లేకుండా ఎవరింటికో వెళ్లిపోయినవాళ్లు. వాళ్లను తలుచుకోవడం మొదలైంది. ఇప్పటికీ అది నన్ను వదల్లేదు. అప్పుడు తెలియదు కదా అని నాకు నేను చెప్పుకుంటాను. తెలియకపోయినా చార్టు గీసింది నేనే.

డోనమ్మకు ఏడాది దాటాక నంద్యాల వైపు నుంచి ఒక జంట వచ్చారు. ఇద్దరూ టీచర్లు. వాళ్లను చూడగానే పాప పెద్దాయమ్మ మెడ వాటేసుకుంది. ఎంత బొమ్మ చూపించినా దిగలేదు. ఆ టీచరమ్మ నవ్వుతూనే ఉంది కానీ, వరండాలోకి వచ్చాక నా ముందే కళ్లు తుడుచుకుంది.

“నన్ను చూస్తేనే ఏడుస్తోంది సిస్టర్. కన్నదాన్ని కాదు. నాకు దగ్గరవుతుందా అసలు?”

నేను ఏదో సర్దిచెప్పబోతుంటే పెద్దాయమ్మ పాపను ఎత్తుకునే బయటికొచ్చింది. టీచరమ్మ పక్కన అరుగు మీద కూర్చుంది.

“నేనూ కనల్యామ్మా. ఈ బిడ్డ ముందు ఏడుస్తాండలేదు. ఎవరెత్తుకున్నా పోతాండె, ఎవరు దించినా ఊరకుంటాండె. అట్లనే నీ చేతికిచ్చింటే నీకు మొదుట్లో సుఖంగా ఉంటాండె. తర్వాత శానా కష్టపడుదువు. ఇప్పుడు ఈ బిడ్డికి మనిషిని పట్టుకునేది తెలుసు. నన్ను పట్టుకున్నెట్లనే నిన్ను పట్టుకుంటాది. రేపు రా. ఎల్లుండీ రా. నాకాడ ఉన్నప్పుడే నీ గొంతు ఇననీ.”

ఇలా వచ్చి కూర్చోవడం మా పద్ధతిలో లేదు. కాగితాలు పూర్తయ్యాక తీసుకుపోవడమే. నేను సూపరింటెండెంటు దగ్గరికి పోయి వారం రోజులు వాళ్లను రానివ్వమని అడిగాను. “మీ ఇష్టమమ్మా. తర్వాత నన్నడగొద్దు” అన్నారు. తల దించుకుని, “అప్పుడు ఆ పిల్లాడికి ఇట్లా చేసుంటే సరిపోయేదేమో” అన్నారు.

టీచరమ్మ నంద్యాలలో బడి అయ్యాక రోజూ బస్సెక్కి వచ్చేది. మొదటి రెండు రోజులూ ఊరికే పక్కన కూర్చుంది. మూడో రోజు పెద్దాయమ్మ తన గంధం రంగు చీర ఇచ్చింది. ఉతకనిది. ఆమె ఒక క్షణం సందేహించింది. తర్వాత భుజం మీద వేసుకుంది. పాప వచ్చి ఆ కొంగు వాసన చూసి, పెద్దాయమ్మ వైపు చూసి, మళ్లీ కొంగు వాసన చూసింది. ఐదో రోజు ఆ భుజం మీదే నిద్రపోయింది. టీచరమ్మ గంటసేపు కదలకుండా కూర్చుంది. చెయ్యి తిమ్మిరెక్కిందని గుసగుసగా చెప్పి నవ్వింది.

వెళ్లిన రోజు పాప ఏడ్చింది. అయితే టీచరమ్మ మెడ పట్టుకునే ఏడ్చింది. కారు గేటు దాటాక పెద్దాయమ్మ కోసం వెతికితే దొడ్లో చాకిరేవు బండ దగ్గర ఉంది. ఉతికి ఆరేసిన గుడ్డలను మళ్లీ తడిపి ఉతుకుతోంది.

“ఇంగ నాకు చాతగాదు సిస్టరమ్మా” అంది. “ఇంగొకరిని ఎత్తుకోలేను. ఈ మాట ప్రతిసారీ అంటా. ఈసారి నిజంగానే చాతగాదు.”

రెండు రోజులు సెలవు పెట్టింది. మూడో రోజు వచ్చేసరికి ఎర్రగుంట్లప్ప వచ్చి ఉన్నాడు, ఇరవై రోజుల పిల్లవాడు. తొట్టి దగ్గర నిలబడి చాలాసేపు చూసింది. పాత చీర ముక్క ఎక్కడుందని నన్నడిగింది.

అలా ఎంతమందిని అని నేను లెక్కపెట్టలేదు. ఒక్కొక్కరు వెళ్లినప్పుడల్లా ఆమె కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. మోకాళ్లు, నడుము, తర్వాత చక్కెర. చివరికి యాభై దాటినవాళ్లు, పదో తరగతి లేనివాళ్లు పనికి రాకూడదని కొత్త నిబంధన వచ్చింది. ఆమె ఊరికి పోయింది. అదే ఏడు నేనూ మైదుకూరుకు వచ్చేశాను. ఫోను చేయాలనుకుంటూనే ఏళ్లు గడిచాయి.

ఆదివారం పొద్దున్నే బయల్దేరి మూడు బస్సులు మారి వాళ్ల పల్లె చేరేసరికి కూడిక అయిపోవచ్చింది. మట్టి మిద్దె ముందు షామియానా, పాస్టరుగారి చివరి ప్రార్థన. భోజనాలయ్యాక పెద్ద కొడుకు నా దగ్గరికి వచ్చి కుర్చీ వేసుకున్నాడు. ముప్ఫై ఐదు దాటి ఉంటాయి. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లోడు తోలే లారీ డ్రైవరు. ఎక్కడి నుంచి వచ్చారు, తిన్నారా అని రెండు మాటలు అడిగి ఊరుకున్నాడు. తల్లి పోయినవాడికి చెప్పే మాటలేవీ అతనికి సరిపోయేలా లేవు.

కొంచెం దూరంలో అతని భార్య చాప మీద కూర్చుని ఉంది. పక్కన ఎనిమిది నెలల పాప. అతను అటు చూడగానే పాప మొహం తిప్పుకుని తల్లి మోకాలు పట్టుకుంది.

“నెలకు మూడు నాలుగు దినాలు ఇంట్లో ఉంటా” అన్నాడు. “నన్ను చూస్తే ఇంతే. ఎత్తుకుంటే ఏడుస్తాది. అందుకని ఎత్తుకోను.”

నేను తల ఊపాను.

“మాయమ్మ కాడికి పోతాండె. మంచంలో ఉన్నా పక్కన పండుకుంటాండె.” కాసేపు చెప్పు కొసతో మట్టి గీశాడు. “ఆడ మీ ఇంట్లో శానామంది పిల్లోళ్లను సాకిందంట గదా. ఇట్ల రానోళ్లు కూడా వచ్చింటారు.”

“వచ్చేవాళ్లు. కొంచెం పెద్ద పిల్లలు వచ్చినప్పుడు అలాగే ఉండేవాళ్లు. మూలకు పోయి కూర్చునేవాళ్లు.”

“వాళ్లను ఏం చేస్తాండె మాయమ్మ?”

నేను అతని మొహంలోకి చూశాను. ఊరికే మాట కోసం అడగడం లేదు. గుర్తున్నంత చెప్పాను. ఆమె ఆ పిల్లల్ని లాక్కునేది కాదు. పోయి కొంచెం ఎడంగా నేల మీద కూర్చునేది. నేరుగా మొహంలోకి చూసేది కాదు, పక్కకు తిరిగి కూర్చునేది. చేతిలో ఏదో ఒక పని, చిక్కుళ్లు ఒలవడమో, గుడ్డలు మడవడమో. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు నెమ్మదిగా మాట్లాడుతూ ఉండేది. పూటంతా పట్టినా లేచేది కాదు. మరునాడు మళ్లీ అదే చోట కూర్చునేది. ఎప్పుడో పిల్ల వచ్చి ఆ గుడ్డను ముట్టుకునేది. అప్పుడు కూడా వెంటనే ఎత్తుకునేది కాదు.

“ఎన్ని దినాలు పడ్తాది?”

“ఒక్కొక్కరికి ఒక్కో తీరు. పది రోజులు పట్టినవాళ్లు కూడా ఉన్నారు.”

అతని ఫోను మోగింది. అవతలి గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. రేపు పొద్దున ఎర్రగుంట్లలో లోడింగు, ఈ రాత్రికే బయల్దేరాలట. అతను వింటూ పాప వైపు చూశాడు.

“వేరే డ్రైవర్ను చూసుకో అప్పా” అన్నాడు. “లేదు, రేపు కాదు. పదైదు దినాలు రాను.”

అవతలివాడు ఇంకా ఏదో అంటుండగానే ఫోను జేబులో పెట్టుకున్నాడు. లేచి పోయి షామియానా కింద పేర్చిన కుర్చీల పక్క నుంచి వక్కాకు పళ్లెం తీసుకున్నాడు. చాపకు రెండు మూరల దూరంలో, ఉత్త నేల మీద, పాపకు పక్కకు తిరిగి కూర్చున్నాడు. భార్య వింతగా చూసింది. అతను పళ్లెంలోంచి ఒక తమలపాకు తీసి ఈనె తీయడం మొదలుపెట్టాడు. ఏం మాట్లాడాలో తెలియనట్టు చాలాసేపు పెదవులు కదిపాడు. చివరికి, ఆకుకు చెబుతున్నట్టు, లారీ ఏ దారిన పోతుందో చెప్పసాగాడు. డోను దాటి, బనగానపల్లె దాటి, జమ్మలమడుగు.

నేను బస్సుకు లేచేసరికి పాప ఇంకా అటు తిరిగే ఉంది. అతను లేవలేదు.